మాస్టారి ఫిట్టింగ్

"అమ్మాయ్, శనివారం తుపాకీ పట్టుకెళ్ళే మనిషి వస్తున్నాడు. నువ్వు కూడా రా. వాడి ఇంగ్లీషు నాకు సగమే అర్థమవుతుంది, నా ఇంగ్లీషు వాడికి అసలే అర్థం కాదు" అని ఆంటీ ఫోన్ చేసింది.

మాస్టారు పోయి మూడు నెలలైంది. లైసెన్సు ఆయన పేరు మీదే ఉండేది కాబట్టి ఆయన పోయాక తుపాకీ ఆ ఇంట్లో ఉండడానికి వీల్లేదు. లైసెన్సు ఉన్నవాళ్ళకి ఎవరికైనా అప్పజెప్పాలి. వెల్లింగ్టన్ పక్కనున్న మా లోవర్ హట్‌లోనే తుపాకులమ్మే కొట్టాయన ఒకడు ఇంటికొచ్చి తీసుకెళ్తానన్నాడట. సరే వస్తానని ఫోన్ పెట్టేశాక ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. గుడ్డు వేశారేమోనని పుట్టినరోజు కేకు కూడా వాసన చూసి పక్కన పెట్టే మనిషి ఇంట్లో తుపాకీ ఏమిటని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్ళున్నారు.

ఆయన చరిత్ర నాకు పెద్దగా తెలియదు. బాపట్లలో ఫిజిక్స్ చెప్పారని, ఇక్కడికొచ్చాక బస్సు డిపోలో సీట్లూ తలుపులూ బాగుచేసే పనిలో చేరారని మాత్రం తెలుసు. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ ఆయన మాస్టారే. వాళ్ళింటి వెనక చిన్న ఫ్లాట్‌లో నేను నాలుగేళ్ళు అద్దెకున్నాను. ఆ నాలుగేళ్ళలో ఆయన చేతిలో స్క్రూడ్రైవరు లేకుండా చూసింది భోంచేసేటప్పుడే. అప్పుడు కూడా అది చొక్కా జేబులో ఉండేది.

ఆయన ఏ వస్తువునీ కొన్నది కొన్నట్టు వాడేవారు కాదు. "కంపెనీవాడు సగమే చేస్తాడమ్మా. మిగతా సగం వాడేవాడు చేసుకోవాలి" అనేవారు. అలా అని ఆంటీ మిక్సీకి సైకిలు బ్రేకు తగిలించారు. కుక్కరు మూతకి ఇంకో పిడి పెట్టారు. కారుకి వెనక అద్దం చాలదని ఇంకో రెండు అద్దాలు పెడితే, డ్రైవ్ చేస్తున్నప్పుడు ఆయన మొహం ఆయనకే మూడుచోట్ల కనపడేది. వెల్లింగ్టన్ గాలికి ఊరు ఊరంతా గొడుగులు మానేసి కోట్లేసుకు తిరుగుతుంటే, ఈయన మాత్రం గొడుగు పుల్లలకి సైకిలు చువ్వలు కలిపి కట్టారు. గొడుగు నిలబడింది గానీ ఆయన నిలబడలేదు. రైల్వే స్టేషన్ ముందు గొడుగు ఆయన్ని నాలుగడుగులు ఈడ్చుకుపోతే, ఎవరో కివీ అమ్మాయి నడుం పట్టుకుని ఆపింది. ఇంటికొచ్చి మోకాలికి పసుపు రాయించుకుంటూ "డిజైను పాసయింది" అన్నారు.

ఆంటీ పద్ధతి ఆంటీది. ఇంట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా బొట్టు పెట్టి, అక్షింతలు వేసి, నిమ్మకాయ దిష్టి తీస్తే గానీ స్విచ్ వేయనిచ్చేది కాదు. ఫ్రిజ్‌కి చేసింది, లాన్ కోసే మిషన్‌కి చేసింది. నాకు ఉద్యోగంలో ఇచ్చిన లాప్‌టాప్‌కీ చేసింది. ఒక గింజ కీబోర్డులో దూరి నెల రోజులపాటు నాకు ఒక అక్షరం పడలేదు. నేను గవర్నమెంటు డిపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పులు పట్టి రిపోర్టు రాయడమే నా పని. ఆ గింజ గురించి మాత్రం మా మేనేజర్‌కి ఏమని రాయను? కాఫీ ఒలికిందని చెప్పాను.

తుపాకీ మాస్టారిది కాదు, కంచెకి అవతలింటి కెన్‌ది. కెన్‌కి ఎనభై దాటాయి, భార్య పోయింది, ఒక్కడే ఉండేవాడు. కుర్రతనంలో అడవుల్లో దుప్పుల్ని వేటాడే ఉద్యోగం చేశాడు. ఆయన పెరట్లో నిమ్మచెట్టు విరగకాసేది. కాయలు బకెట్లతో కంచె మీదుగా ఇచ్చేవాడు, ఆంటీ ఊరగాయ పెట్టి సీసాలతో తిరిగిచ్చేది. ఆయన దాన్ని కాల్చిన బ్రెడ్ మీద రాసుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ తినేవాడు.

ఒకరోజు కెన్ తన తుపాకీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. వాళ్ళ నాన్న తుపాకీ అట. పాతకాలం లివర్ రైఫిల్. కింద ఇనుప కడియంలాంటి లివర్ ఉంటుంది. అందులో వేళ్ళు దూర్చి కిందికి లాగితే పేలిన తూటా ఖాళీ గొట్టం తుపాకీ పైనుంచి ఎగిరి పడుతుంది, పైకి మూస్తే కొత్త తూటా లోపలికెళ్తుంది. "కుడికన్ను మసకైపోయింది. భుజం అరిగింది. వేళ్ళు వంగట్లేదు. వచ్చే ఏప్రిల్లో మగదుప్పులు అరిచే కాలానికి మా మేనల్లుడి ఫారానికి వెళ్ళి మా నాన్న తుపాకీతో ఒక్క దుప్పిని కొట్టాలనుంది. ఆ తర్వాత నన్ను ఏ హోమ్‌లో పడేసినా పర్లేదు" అన్నాడు కెన్. దీన్ని ఇంకెవరికో ఇచ్చేయమని మేనల్లుడు అన్నాడట.

మాస్టారు తుపాకీని ముట్టుకోలేదు. కళ్ళజోడు పైకి జరిపి, వంగి, దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. "సగమే చేశాడు కంపెనీవాడు. ఏప్రిల్లోపు మిగతా సగం నేను చేస్తాను" అన్నారు.

"మీరు శాకాహారులు కదండీ, పాపం కాదూ?" అని నేను అడిగాను.

"నేను కళ్ళజోడు చేసిపెడుతున్నానమ్మా. అది పెట్టుకుని ఆయన ఏం చదువుకుంటే నాకెందుకు?"

తుపాకీ గరాజులో పెట్టుకుని పనిచేయాలంటే ఆయనకీ లైసెన్సు కావాలి. పరీక్షలో అన్నీ కరెక్టుగా రాసి, ఒక ప్రశ్న సరిగ్గా అడగలేదని పేపరు పెట్టినవాళ్ళకి వివరించి వచ్చారు. తర్వాత లైసెన్సు ఆఫీసునుంచి ఇంటికి ఒకావిడ వచ్చింది. తుపాకీ అడిగినవాడి గురించి అతని భార్యని, బంధువు కాని ఇంకో మనిషిని అడిగి తెలుసుకోవడం ఇక్కడి పద్ధతి. మాస్టారిని గరాజులోకి పంపించి ఆంటీని కూర్చోబెట్టింది. ఇంగ్లీషు సాయానికి నేను పక్కన కూర్చున్నాను.

"మీ ఆయనకి కోపం వస్తుందా?"

"రాకేం, వస్తుంది. పులుసులో ఉప్పెక్కువైతే."

"అప్పుడేం చేస్తారు?"

"మజ్జిగ పోసుకుంటారు."

ఆవిడ రాసుకుంది. "ఆయనంటే మీకెప్పుడైనా భయం వేసిందా?"

ఆంటీ కాసేపు ఆలోచించి "కొత్త మిక్సీ కొన్నప్పుడు" అంది. అది నేను తర్జుమా చేయలేదు. నా వంతు వచ్చాక, ఆయన చేతిలో తుపాకీ ఉంటే మీకు భయమా అని ఆవిడ నన్నూ అడిగింది. మాకేం భయం లేదు, ఆ తుపాకీ గతేమవుతుందోనని తప్ప, అన్నాను. లైసెన్సు వచ్చింది.

ఇనప బీరువా తెచ్చి గోడకి బిగించారు. ఇంట్లో అంత గట్టి పెట్టె ఇంకోటి లేదని ఆంటీ తన గాజులూ అందులోనే పెట్టింది. తాళం మాత్రం చట్టప్రకారం లైసెన్సు ఉన్నవాడి దగ్గరే ఉండాలి. దాంతో ప్రతి పెళ్ళికీ పేరంటానికీ సొంత గాజుల కోసం మొగుణ్ణి అడుక్కోవాల్సొచ్చింది.

ఇక ఫిట్టింగ్ మొదలైంది. కెన్ కంటికోసం దూరదర్శిని తెప్పించి, లివర్‌కి సరిగ్గా పైన బిగించారు. కాల్చి చూడ్డానికి వెళ్తే, పైకి ఎగిరిన వేడి తూటా గొట్టం దూరదర్శినికి తగిలి వెనక్కొచ్చి కెన్ కాలర్‌లో పడింది. ఎనభై దాటిన మనిషి చొక్కా విప్పి గంతులేయడం అదే మొదటిసారి చూశాను. మాస్టారు నోట్‌బుక్ తీసి "గొట్టం పైకి ఎగురును" అని రాసుకున్నారు.

అక్కణ్ణించి ఆయనకి నిద్ర లేదు. దూరదర్శిని తీసేసి, తుపాకీలు రిపేరు చేసేవాడి చేత తుపాకీ గొట్టం ముందు భాగంలో పట్టా వేయించి, దాని మీద కొత్తరకం అద్దం పెట్టించారు. రెండు కళ్ళూ తెరిచి చూస్తే అందులో ఎర్రచుక్క కనపడుతుంది. చుక్క ఎక్కడుంటే గుండు అక్కడికెళ్తుంది. ఆంటీ చూసి "తుపాక్కి బొట్టు మీరే పెట్టేశారే" అంది. కెన్ భుజం కోసం వెనక రబ్బరు దిండు. చెవుల కోసం చప్పుడు తగ్గించే సైలెన్సరు. చేతులు వణుకుతాయని ముందు రెండు కాళ్ళ స్టాండు. జేబులో చెయ్యి దూరదని పక్కన తూటాలు గుచ్చుకునే పట్టీ. బరువు మోయడానికి భుజం బెల్టు. వంగని వేళ్ళకి ఇనుము ఒరుసుకోకుండా లివర్‌కి మెత్తటి గుడ్డ చుట్టారు. ఆ గుడ్డ ఆంటీ ఆకుపచ్చ మంగళగిరి చీర అంచు. వారం రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు. కూరలో ఉప్పు కూడా లేదు.

ఫిబ్రవరిలో అన్నీ తగిలించిన తుపాకీని కెన్‌ చేతిలో పెట్టారు. కెన్ దాన్ని నడుం దాకా ఎత్తి మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. "మేట్, దీనికి చక్రాలు కూడా పెట్టు" అన్నాడు.

నేను పడీపడీ నవ్వాను. మాస్టారు నవ్వలేదు. కెన్ మర్యాద కోసం ఇంకోసారి ఎత్తబోతుంటే ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ రాత్రికి అన్నం వద్దన్నారట. మర్నాటినుంచి ఆయన తన జీవితంలో ఎప్పుడూ చేయని పని మొదలుపెట్టారు. తగిలించినవి తీసేయడం. స్టాండు తీశారు, దాని బదులు ఒక దుంగ మీద ఆనించుకోవడం కెన్‌తో సాధన చేయించారు. సైలెన్సరు తీసి చెవుల్లో పెట్టుకునేవి కొనిచ్చారు. పట్టీ తీశారు, బెల్టు తీశారు. ఒక్కొక్కటీ తీసినప్పుడల్లా బాత్‌రూమ్ కాటా మీద తుపాకీ పట్టుకుని నిలబడి, తన బరువు తీసేసి లెక్క వేసేవారు. చివరికి ఎర్రచుక్క, రబ్బరు దిండు, చీర అంచు మిగిలాయి. కెన్ ఎత్తాడు, భుజానికి ఆనించాడు, దించమన్నా దించలేదు.

"తీసేయడం కూడా ఫిట్టింగేనమ్మా. నాకు ఇప్పుడే తెలిసింది" అన్నారు మాస్టారు. ఆయన నోట అలాంటి మాట వినడం నాకు అదే మొదలు.

ఏప్రిల్లో ఒక శుక్రవారం బయల్దేరాం. కొండదారిలో ఆయన మూడద్దాల కారెక్కే ధైర్యం ఎవరికీ లేక నేను డ్రైవ్ చేశాను. బయల్దేరే ముందు ఆంటీ అడ్డం నిలబడింది. "ఇన్నాళ్ళూ నా ఇంట్లో తయారైంది. పూజ చేయకుండా గడప దాటించడానికి వీల్లేదు." మాస్టారు రూలు ప్రకారం లివర్ తెరిచి, లోపల ఖాళీ అని అందరికీ చూపించి, దేవుడి గది ముందు పీట మీద పెట్టారు. ఆంటీ బొట్టు పెట్టింది. అక్షింతలు పెళ్ళికొడుకు మీద వేసినట్టు దోసిలితో వేసింది. ఆయన తర్వాత తుపాకీని తలకిందులు చేసి మూడుసార్లు దులిపారు. గలగలా రాలాయి.

కొండ దాటి వైరరాపాలో కెన్ మేనల్లుడి ఫారానికి చేరాం. మర్నాడు తెల్లవారుతుండగా ఒక గట్టు మీద, పడిపోయిన చెట్టు దుంగ వెనక కూర్చున్నాం. కెన్ ముందు, మాస్టారు పక్కన, పులిహోర డబ్బాతో నేను వెనక. చలికి పళ్ళు టకటకలాడుతుంటే ఇది నాకెందుకొచ్చిన గొడవరా భగవంతుడా అనుకున్నాను. ఎదురుగా లోయ అవతల ఏదో అరిచింది. తర్వాత పొదల్లోంచి పెద్ద కొమ్ముల దుప్పి బయటికొచ్చి, పక్కకి తిరిగి, మాకోసమే అన్నట్టు నిలబడింది.

కెన్ తుపాకీ దుంగ మీద ఆనించి చూశాడు. చేతులు వణకలేదు. "దొరికాడు" అని గుసగుసలాడాడు. తూటా లోపలికి పంపడానికి లివర్ నెమ్మదిగా కిందికి లాగి పైకి మూశాడు. ముప్పావు వంతు మూసుకుని ఆగిపోయింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

మాస్టారు తుపాకీ అందుకుని, మూతి ఆకాశానికి పెట్టి, తూటాలు తీసేశారు. "పిన్నీసు ఉందా?" అన్నారు నాతో. గాజుకి ఉన్న పిన్నీసు తీసిచ్చాను. ఆయన లోపల కెలికి, ఏదో అరచేతిలో వేసుకున్నారు. పసుపుగా ఉంది. అక్షింత గింజ. నేను చూశానని ఆయన చూశారు. గుప్పిట మూసేశారు. తల ఎత్తేసరికి లోయలో దుప్పి లేదు.

కెన్ వెనక్కి తిరిగాడు. "ఏమైంది, మేట్?"

"మై ఫిట్టింగ్, కెన్. మై మిస్టేక్" అన్నారు మాస్టారు.

గొడుగు ఈడ్చుకెళ్ళినా, వేడి గొట్టం కాలర్లో పడినా డిజైనుని వెనకేసుకొచ్చిన మనిషి. తెలుగులో "మాస్టారూ, అది మీ తప్పెలా అవుతుంది..." అని మొదలుపెట్టబోయాను.

"ఆంటీకి చెప్పకమ్మా. తెలిస్తే కుమిలిపోతుంది. పూజలు మానేస్తుంది. పూజ మానేస్తే ఇక ఇంట్లోకి ఒక్క మిషన్ రానివ్వదు" అన్నారు.

కెన్ దుంగ మీద చెయ్యి ఆనించి లేచాడు. తర్వాత మాస్టారి భుజం తట్టి "చుక్క వాడి భుజం మీద కదలకుండా కూర్చుంది. ఈమధ్య కాలంలో నాకేదీ అంత స్పష్టంగా కనపడలేదు. అది చాల్లే" అన్నాడు. అది చాలలేదని ఆయన మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. ఇంకా రెండు రోజులు కూర్చున్నాం, ఇంకో దుప్పి రాలేదు. వచ్చే ఏడాది చూద్దామన్నాడు కెన్. వచ్చే ఏడాదికి ఆయన లేడు. తుపాకీ మాస్టారికి ఇమ్మని రాసిపోయాడు.

దుప్పి ముందు తుపాకీ మొరాయించిన కథ కెన్ ఉన్నన్నాళ్ళూ స్నేహితులకి చెప్పుకుని నవ్వాడు. నేను ఎవరికీ చెప్పలేదు గానీ ఎలా పాకిందో మావాళ్ళలోకీ పాకింది. ఉగాది సభలో మైకు మొరాయిస్తే "మాస్టారి ఫిట్టింగా?" అనేవాళ్ళు. ఎవరి కారు స్టార్టవకపోయినా అదే మాట. శాండ్రింగ్‌హామ్‌లో కిరాణా కొట్టాయన కూడా అన్నాడంటే ఆక్లండ్ దాకా వెళ్ళిందన్నమాట. మాస్టారు అందరితో కలిసి నవ్వేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకసారి నోరు తెరిస్తే ఆయన నావైపు ఒక చూపు చూశారు, నోరు మూసుకున్నాను. నా ఉద్యోగ జీవితమంతటిలో తెలిసీ రిపోర్టు రాయకుండా వదిలేసిన తప్పు అదొక్కటే.

శనివారం కొట్టాయన వచ్చాడు. లావుపాటి మనిషి, నున్నటి బట్టతల. బీరువాలోంచి తుపాకీ తీసి, లివర్ తెరిచి ఖాళీ అని చూసుకుని, అటూ ఇటూ తిప్పాడు. చీర అంచుని వేలితో నిమిరాడు. "ఇది ముసలి కెన్‌ది కదూ? దుప్పి ఎదురుగా నిలబడితే జామ్ అయింది ఇదే కదూ? ఎవరో తెలిసీ తెలియని ఫిట్టింగ్ అని మా కొట్లో చెప్పుకునేవాళ్ళు" అన్నాడు. లివర్ పదిసార్లు లాగి మూశాడు. "చిత్రంగా ఉందే. ఇందులో తప్పేం లేదు."

ఇంక ఆగలేననిపించింది. మాస్టారికిచ్చిన మాట ఎవరికోసం అట్టిపెట్టాలి? ఆంటీ పక్కనే ఉందని తెలిసీ నోరు తెరిచాను. ఈలోగా ఆంటీ ముందుకొచ్చింది.

"ఫిట్టింగ్ గుడ్" అంది ఆయనతో. "రైస్ బ్యాడ్. మై రైస్."

ఆయనకేం అర్థం కాలేదు. నేను ఆంటీ వైపు తిరిగాను. "మీకు తెలుసా ఆంటీ?"

"ఉతకబోతూ జేబులు చూస్తే కాగితంలో మడిచిపెట్టిన ఒక్క గింజ దొరికిందమ్మాయ్. పసుపు కలిపింది నేను, నాకు తెలియదా? ఇది అడ్డం పడితే తప్ప ఆయన ఫిట్టింగ్ ఆగుతుందా?"

"మరి ఇన్నేళ్ళూ అనలేదేం?"

"నాకోసం దాచాడు కదా. దొరికిపోయానని తెలిస్తే చిన్నబోతాడు. అందుకని నేనూ దాచాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వాళ్ళంతా నవ్వినప్పుడల్లా ఆ రోజు ఆయనకి ఇష్టమని పనసపొట్టు కూర చేసేదాన్ని. ఎందుకు చేస్తున్నానో ఆయనకీ తెలియలేదు."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ ఏప్రిల్ తర్వాత ఇంటికొచ్చిన మిషన్లకి ఆంటీ బొట్టు పెట్టేది గానీ, అక్షింతలు దూరంగా నేల మీద వేసేది. తప్పులు పట్టే ఉద్యోగం నాది, పక్కనే ఉండీ పట్టలేకపోయాను. కొట్టాయనకి జరిగిందంతా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన విని, ఫిట్టింగ్ ఎవరిదో మా కొట్లో అందరికీ చెబుతానన్నాడు, పేరు స్పెల్లింగ్ కూడా రాసుకున్నాడు. ఆ చుట్టిన గుడ్డ విప్పకుండానే ఉంచమని ఆంటీ చెప్పమంది. విప్పనన్నాడు.

తుపాకీ సంచిలో పెట్టబోతుంటే ఆంటీ ఆగమంది. లోపలికెళ్ళి పళ్ళెం తెచ్చింది. కుంకం భరిణె మూత తీస్తే, అందులో ఒక మూల మాసిపోయిన పసుపు గింజ ఉంది. దాన్ని పక్కకి జరిపి, వేలితో కుంకం తీసి తుపాకీకి బొట్టు పెట్టింది. అక్షింతలు మాత్రం దాని దరిదాపులకి కూడా రానివ్వలేదు. పళ్ళెంలో ఉన్నవన్నీ కొట్టాయన బట్టతల మీద వేసింది. ఆయన ఎందుకని అడక్కుండా తల వంచాడు.